బారల్లో కొలిచిన సముద్రం

ఇటు జరగండర్రా, పొగ మీ మొహాల మీదకే వస్తోంది. చిన్నోడా, ఆ చింతమొద్దు కొంచెం లోపలికి తొయ్యి. ధనుర్మాసంలో మాడుగుల చలి సంగతి పట్నంలో ఉండే మీకేం తెలుస్తుంది. పాడేరు కొండల మీంచి దిగిందంటే తెల్లారేదాకా వదలదు.

పొద్దున్న అమ్మడు నా పెట్టె తెరిచి, అందులో చుట్టచుట్టి ఉన్న పాత చార్టు చూసి ఓ మాట అడిగింది. "తాతా, మనది కొండ కింద ఊరు కదా, మన వాళ్ళకి సముద్రంతో పనేంటి?" అని. ఆ చార్టు నేను ఓడలో చుక్కాని పట్టిన రోజుల్లోది. కొత్త చార్టు వచ్చాక పాతది రద్దు చేసేస్తారు. పారేసేది నాకిమ్మంటే ఆఫీసరు గారు ఇచ్చేశారు. నీ ప్రశ్నకి జవాబు ఆ కాగితంలోనే ఉంది తల్లీ, కాకపోతే తీరిగ్గా వినాలి.

మన శారదా నది ఎక్కడ పుట్టింది? ఈ మాడుగుల కొండల్లోనే. అనకాపల్లి పక్కనుంచి పోయి సముద్రంలో కలుస్తుంది. ఏరు ఎటు పోతుందో సరుకూ అటే పోయేది. మన్యం నుంచి పసుపు, చింతపండు, కరక్కాయలు, వలిసెలు ఎద్దుల మీద దిగేవి. తర్వాత బళ్ళొచ్చాయి. భీమునిపట్నం రేవులో కరక్కాయలు, నూనెగింజలు, గోగునార ఓడలకెక్కి సీమకి పోయేవి. అక్కడ తోళ్ళు పదును చెయ్యడానికి కరక్కాయ కావాలి. మన కొండల మీద గిరిజనులు ఏరిన కాయ ఎక్కడో ఇంగ్లండులో చెప్పులు కుట్టేవాడి తోలుకి పదును పెట్టింది. సముద్రం కనబడనంత మాత్రాన సముద్రంతో పనిలేదనుకోకండి.

ఇక మనుషుల మాట. మా చిన్నతనంలో ఈ చుట్టుపక్కల ఊళ్ళలో రంగం వెళ్ళొచ్చిన ముసలాళ్ళు ఉండేవారు. రంగం అంటే రంగూన్. విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరు ఎక్కి బర్మా పోయి, బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనిచేసి, రిక్షాలు లాగి, నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చేవారు. టేకు పెట్టె ఒకటి తెచ్చుకునేవారు. 1942లో జపాను వాళ్ళు వచ్చి పడ్డాక ఎంతోమంది అడవులూ కొండలూ దాటి కాలినడకన బయల్దేరారు. దారిలోనే పోయినవాళ్ళకి లెక్క లేదు. మీరు పుస్తకంలో చదువుకునే యుద్ధం మా ఊళ్ళలో ఇంటింటికీ తెలిసిన సంగతి.

సరే, చార్టు పరవండి. అమ్మడూ, సెల్లు టార్చి ఇటు పట్టు. మంటకి దగ్గరగా వద్దు.

ముందు గమనించాల్సింది ఒకటి. నేల మీద ఏముందో దీనికి అక్కర్లేదు. మాడుగుల లేదు, చోడవరం లేదు. ఒడ్డున ఓడ మీంచి కనబడేవే ఉంటాయి. కొండ, గోపురం, తాటితోపు, దీపస్తంభం, జెండా కర్ర. నీళ్ళలో మాత్రం చూడండి, ఎన్ని అంకెలో! అవన్నీ లోతులు. పాత చార్టుల్లో లోతు ఫాదముల్లో రాసేవారు. ఫాదమంటే ఆరడుగులు. రెండు చేతులూ చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా ఎంతో అంత. మన జాలరోళ్ళు బార అనేదీ అదే. ఇంగ్లీషు కళాసీ అయినా, మన పూడిమడక జాలరి అయినా తాడు పైకి లాగేటప్పుడు ఒకే పని చేస్తాడు, చేతులు బారజాపి లెక్కపెడతాడు.

ఆ తాడు చివర సీసం గుండు కడతారు. గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది. దాంట్లో కొవ్వు కూరుతారు. గుండు నేలకి తగిలినప్పుడు ఆ కొవ్వుకి అడుగున ఉన్నది అంటుకుని పైకి వస్తుంది. బురదా, ఇసకా, గవ్వపెంకులా, ఏమీ అంటకపోతే రాయా. ఈ అంకెల మధ్యన సన్నటి అక్షరాలున్నాయే, అవి అవే. ఎందుకంటే లంగరు బురదలో పట్టు పడుతుంది, రాతి మీద జారిపోతుంది. రాత్రి చీకట్లో, మంచులో ఒడ్డు కనబడనప్పుడు ఎన్ని బారల లోతు, అడుగున ఏముంది అనే రెండు ముక్కలతో ఓడ ఎక్కడుందో పోల్చుకునేవారు. నేను ఓడెక్కే నాటికి లోతు చెప్పే యంత్రాలు వచ్చేశాయి. అయినా తాడూ గుండూ ఓడలో ఉండాల్సిందే, వాడటం మాకు నేర్పాల్సిందే.

ఇప్పుడు ఈ మూల చదువు చిన్నోడా. ఎవరు కొలిచారో, ఏ ఓడలో, ఏ సంవత్సరమో రాసి ఉంటుంది. అన్నీ దొరల పేర్లే కదూ? మన పేరు ఒక్కటి లేదు. మొదటిసారి చూసినప్పుడు నా మనసు చివుక్కుమంది. మన తీరం, మన నీళ్ళు, కొలిచినవాడు మాత్రం వేరొకడు. తర్వాత రోజూ ఆ కాగితాలు విప్పుతూ చుడుతూ ఉంటే మరో సంగతి తట్టింది. మూల వదిలిపెట్టి ఒడ్డు వెంబడి పేర్లు చదవండి. కళింగపట్నం, భీమిలి, విశాఖపట్నం, పూడిమడక, కోరంగి. పలకలేక వంకర టింకరగా రాశారు గానీ అన్నీ మనవే. డెక్కు మీద నిలబడి దుర్బిణీ పట్టిన దొరకి ఆ ఊరి పేరేదో ఎలా తెలుస్తుంది? పక్కన మనవాడొకడు నిలబడి చెప్పి ఉండాలి. ఆ కొండ ఫలానా, ఆ పాయ ఫలానా, అక్కడ నీళ్ళ కింద రాయుంది అటు పోవద్దు అని. చార్టులో మన పెద్దలు సంతకం చేసిన చోటు అదే. నేను మీకు చెప్పదలుచుకున్నది కూడా అదొక్కటే.

ఎంత పాత పటం విప్పితే అంత బాగా కనిపిస్తారు వాళ్ళు. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ అని ఒక పండితుడుండేవాడు. లోకంలో తెలిసిన ఊళ్ళన్నిటికీ అక్షాంశాలూ రేఖాంశాలూ కట్టి పుస్తకం రాశాడు. తర్వాతి వాళ్ళు ఆ లెక్కలతో పటాలు గీశారు. అందులో మన తీరం మైసోలియా. కొంటకోస్సిల అని ఒక రేవు. అది మన కృష్ణా జిల్లా ఘంటసాల. నాగార్జునకొండ శాసనంలో కంటకసెల అని ఉన్నదీ ఆ ఊరే. ఇవాళ ఘంటసాలలో నిలబడితే సముద్రం ఎక్కడో దూరాన ఉంటుంది. కృష్ణమ్మ మన్ను తెచ్చి పోసి పోసి ఒడ్డునే ముందుకి జరిపేసింది. పాత పటంలో రేవు, కొత్త పటంలో పొలాల నడుమ ఊరు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. టాలెమీ ఆ రేవులన్నీ చెప్పుకుంటూ ఉత్తరానికి వచ్చి ఒక చోట ఆగుతాడు. సముద్రం అవతలి సువర్ణభూమికి పోయే ఓడలు ఇక్కడ ఒడ్డు వదిలి నడిసముద్రంలోకి తిరుగుతాయి అని రాస్తాడు. అది గోదావరికి ఉత్తరాన, మన వైపు తీరంలోనే. కొంచెం ఆలోచించండి. ఒడ్డు వెంబడి పోవడానికి ధైర్యం అక్కర్లేదు, కొండలు కనబడుతూనే ఉంటాయి. ఒడ్డు వదిలి బంగాళాఖాతానికి అడ్డంగా పడ్డవాడికి గాలి తెలియాలి, చుక్కలు తెలియాలి, పడవ మీద నమ్మకం ఉండాలి. పద్దెనిమిది వందల ఏళ్ళ కింద ఎక్కడో ఈజిప్టులో కూర్చున్నవాడికి కూడా తెలిసేటంత మామూలుగా మన ఒడ్డు నుంచి ఓడలు అలా పోతున్నాయన్నమాట.

దాదాపు అదే కాలంలో శాతవాహన రాజు యజ్ఞశ్రీ నాణేల మీద ఓడ బొమ్మ వేయించాడు. రెండు కొయ్యల ఓడ, తెరచాప కొయ్యలు నిటారుగా నిలబడి ఉంటాయి. సీసం నాణెం, పల్లెటూరి సంతలో చేతులు మారే చిల్లర. సంతకొచ్చే మనిషికి ఆ బొమ్మ తెలియనిదైతే రాజు దాన్ని ఎందుకు వేయిస్తాడు? మన భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కారు కదా మీరు, సముద్రానికి ఎదురుగా బౌద్ధ విహారం. అక్కడి తవ్వకాల్లో రోము నాణేలు దొరికాయి. బావికొండ, పావురాళ్ళకొండ, అన్నీ నీళ్ళకి ఎదురుగా ఉన్న కొండలే. మన అనకాపల్లి పక్కన శంకరం బొజ్జన్నకొండ కొంచెం లోపలికి ఉంది. సముద్రం మీంచి చూసేవాడికి కొండే గుర్తు. ఆ కొండల మీద విహారాలు కట్టినవాళ్ళకీ, కింద ఓడలు నడిపినవాళ్ళకీ ఒకరి ఆసరా ఒకరికి ఉండేదని నా నమ్మకం.

ఇక మోటుపల్లి గురించి చెప్పాలి. ఇది చెప్పేటప్పుడు నాకు నిద్ర రాదు, మీరూ నిద్రపోకండి. బాపట్ల వైపు తీరంలో ఊరది. కాకతీయుల రోజుల్లో పెద్ద రేవు. ఆ కాలంలో ఒక చెడ్డ ఆనవాయితీ ఉండేది. గాలివానకి ఓడ దారి తప్పి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకంతా ఆ నేలనేలే రాజుదే. బంగారం, ఏనుగులు, గుర్రాలు, ఏదైనా సరే. ప్రాణంతో బయటపడ్డవాడి చేతిలో కట్టుబట్ట మిగలదు. గణపతిదేవ చక్రవర్తి 1244లో అక్కడ రాతి మీద శాసనం వేయించాడు. ఇక మీద అలా లాక్కోము, సముద్రం మీద అంత కష్టానికోర్చి వచ్చేవాళ్ళకి అభయమిస్తున్నాము, సరుకు మీద ముప్పైవ వంతు సుంకం కడితే చాలు అని. కర్పూరం, గంధం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, పట్టు, ఏనుగు దంతం, ఒక్కొక్కదాని పేరూ ఉంది అందులో. ఆ రాయి ఇప్పటికీ ఉంది. ఓడ పగిలినవాడి సొమ్ము ముట్టకూడదని రాజు ఒట్టు వేసుకున్నాడంటే, ఆ ఓడ పగిలిన బాధ ఆయన దాకా ఎవరో తీసుకెళ్ళి ఉండాలి కదా. వర్తకులు, సరంగులు దర్బారులో నిలబడి చెప్పుకోకుండా ఆ శాసనం పుట్టదు.

ఆ తర్వాత వెనీసు వర్తకుడు మార్కోపోలో ఈ రాజ్యం సంగతి రాశాడు. ముట్‌ఫిలి అన్నాడు. ఒక రాణి, అంటే మన రుద్రమ, న్యాయంగా ఏలుతోందనీ, ఇక్కడ వజ్రాలు దొరుకుతాయనీ, సాలెగూడంత సన్నటి బట్ట నేస్తారనీ రాశాడు. ఆయన మాట పట్టుకుని 1375లో స్పెయిను పక్క మజోర్కా దీవిలో ఒక పటం గీశారు, కాటలాన్ అట్లాస్ అంటారు. ఇప్పుడు పారిస్ గ్రంథాలయంలో ఉంది. ఆ పటంలో మన ఒడ్డున బుటిఫిలిస్ అని ఊరు. మన మోటుపల్లే! ఎక్కడ బాపట్ల తీరం, ఎక్కడ మజోర్కా దీవి. పేరు నలిగి నలిగి అంత దూరం పోయింది.

మన వాళ్ళు మాత్రం పేర్లు నలక్కొట్టలేదు. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడే అవచి తిప్పయ్య సెట్టికి, ఆయన కొండవీటి రెడ్డి రాజులకి సుగంధద్రవ్యాలు తెప్పించిన వర్తకుడు. ఆయన సరుకు ఏయే దేశాల నుంచి వచ్చేదో కవి పేరుపేరునా చెప్పాడు. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు. తరుణాసీరి, తవాయి అని రెండు ఊళ్ళు కూడా చెప్పాడు. స్కూల్లో ఆ పద్యం చదివినప్పుడు అవేవో పురాణాల ఊళ్ళు అనుకునేవాళ్ళం, మాస్టారూ అలాగే దాటేసేవారు. ఓడలో చేరాక బర్మా తీరం చార్టు విప్పితే దక్షిణాన టెనాసెరిమ్, దాని పైన టవోయ్, రెండు రేవులూ కనబడ్డాయి. పెన్సిలుతో మోటుపల్లి నుంచి తవాయికి ఒక గీత గీసి చూసుకున్నాను. అండమాన్ దీవులకి కొంచెం పైనుంచి, నేరుగా బంగాళాఖాతానికి అడ్డంగా పోతుంది. మళ్ళీ రబ్బరుతో చెరిపేశాను, అది కంపెనీ చార్టు కదా. ఆ రాత్రి డ్యూటీ అంతా ఆ పద్యమే తిరిగింది నా బుర్రలో. కావ్యంలో ఉన్న ఊరు చార్టు మీద దొరకడం నా జీవితంలో పెద్ద సంతోషాల్లో ఒకటి.

"మరి మన వాళ్ళు కూడా చార్టులు గీసి ఉంటారు కదా తాతా?" 

అడిగావూ! తెలుగులో రాసిన పాత సముద్ర పటం ఒక్కటీ నా కంట పడలేదమ్మా. కచ్ నావికుల పోథీలు, అంటే దారి పుస్తకాలున్నాయి, వాళ్ళు గీసుకున్న పటాలున్నాయి. తమిళంలో కప్పల్ శాస్త్రాలు, అంటే ఓడ శాస్త్రాలున్నాయి. తూర్పు సముద్రం మీద మన ఆసియా వాళ్ళ చార్టులు ఎంత బాగుండేవో పోర్చుగీసు వాడే ఒప్పుకున్నాడు. 1511లో మలక్కా పట్టుకున్న ఆల్బుకర్క్, మరుసటేడు ఏప్రిల్‌లో తన రాజుకి ఉత్తరం రాశాడు. ఒక జావా నావికుడి పెద్ద పటం దొరికింది, లవంగాల దీవుల దాకా ఉంది, చీనా ఓడల దారులున్నాయి, ఇంత మంచి పటం నేను చూడలేదు అని. అసలు పటం ఓడతో పాటు సుమత్రా దగ్గర మునిగిపోయింది. అందులో ఒక ముక్కకి ఎత్తిరాసిన నకలు మాత్రం పోర్చుగల్లు పంపాడు. అప్పటి మలక్కాలో మన తీరం వర్తకులు, తమిళ తీరం వర్తకులు వీధులకి వీధులుండేవారు. వాళ్ళంతా ఏ దారి తెలియకుండా పోలేదు కదా అక్కడికి.

మన వాళ్ళ చార్టు నోట్లో ఉండేది. గాలి లెక్క వినండి. ఎండాకాలం ముదిరి నైరుతి గాలి పట్టిందంటే అది ఓడని ఈశాన్యంగా తోస్తుంది, బర్మా వైపు అరకానుకీ పెగూకీ పోవాలంటే అదే వాటం. చలికాలం గాలి తిరిగి ఈశాన్యం నుంచి వీస్తుంది, ఇంటికి రావడానికి అది వాటం. ఒడ్డు వెంబడి నీళ్ళు కూడా ఊరికే ఉండవు. మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా ఉత్తరానికి పారతాయి, అక్టోబరు నుంచి దక్షిణానికి తిరుగుతాయి. గాలీ, నీరూ రెండూ తెలిసినవాడికి సముద్రం రోడ్డే. ఒక గాలి పోయి ఇంకో గాలి పట్టే మధ్యలో, ఆశ్వయుజ కార్తీకాల్లో, తుఫాన్లు లేచే రోజుల్లో ఓడ బయటికి తియ్యరు. ఇంగ్లీషు వాళ్ళు కూడా అక్టోబరు మధ్యకల్లా ఈ తీరం వదిలి పోయేవారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారంటారు?

పదిహేడో శతాబ్దంలో డచ్చి వాళ్ళు, ఇంగ్లీషు వాళ్ళు మచిలీపట్నం వచ్చారు. ఇంగ్లీషు వాళ్ళు 1611లో. డచ్చి వాళ్ళు భీమిలిలోనూ కోట కట్టుకున్నారు, వాళ్ళ సమాధులు మీరు చూశారు. నరసాపురం దగ్గర ఓడలు కట్టించుకునేవారు. థామస్ బౌరీ అనే ఇంగ్లీషు కెప్టెను 1670ల్లో అక్కడి టేకునీ, ఇనుమునీ, మన వడ్రంగుల, కమ్మర్ల పనితనాన్నీ తెగ మెచ్చుకున్నాడు. మన తెప్పలకీ, మసులా పడవలకీ బొమ్మలు కూడా గీసుకున్నాడు.

మసులా పడవ మీరు చూసి ఉండరు. మేకు ఒక్కటి కొట్టరు దానికి. పలకలకి బెజ్జాలు వేసి కొబ్బరితాడుతో కుడతారు, సందుల్లో పీచు కూరుతారు. మన ఒడ్డున అల మీద అల విరుచుకుపడుతుంది చూడండి, మేకులు కొట్టిన బిగువు పడవ ఆ దెబ్బకి ఇసకని గుద్దుకుని పగిలిపోతుంది. కుట్టిన పడవ నులకమంచంలా వంగి మళ్ళీ సర్దుకుంటుంది. దొరల ఓడ ఎంత పెద్దదైనా దూరంగా లంగరు వేసి నిలబడాల్సిందే. గవర్నరు దిగాలన్నా, బట్టల మూట ఎక్కాలన్నా మన వాళ్ళు ఆ పడవ తోసుకుని వెళ్ళాలి. విశాఖపట్నానికి లోపలి హార్బరు 1933లో వచ్చింది. అప్పటిదాకా ఇంతే. పాత చార్టులో ఊరి ఎదుట నీళ్ళలో చిన్న లంగరు గుర్తు ఉంటుంది. ఆ గుర్తు నుంచి ఒడ్డు దాకా ఉన్న ఖాళీ ఉందే, అది మొత్తం మన పడవ వాళ్ళ భుజాల మీద నడిచింది. చార్టు మీద ఖాళీగానే ఉంది.

చార్టులు గట్టిగా గీయడం మొదలైంది 1780ల్లో. మైకేల్ టాపింగ్ అని ఒకాయన ఈ తీరమంతా కొలిచాడు. మచిలీపట్నం నుంచి కలకత్తా దాకా ఒడ్డు వెంబడి నేల మీద కూడా కొలుచుకుంటూ పోయాడు. మద్రాసులో వేధశాల రావడంలో ఆయన చెయ్యి ఉంది, 1794లో సర్వే బడి పెట్టించినదీ ఆయనే. 1796లో మచిలీపట్నంలోనే జ్వరంతో పోయాడు. లండనులో డాల్‌రింపుల్ ఇలాంటివాళ్ళ కొలతలు తీసుకుని చార్టులు అచ్చు వేయించేవాడు. టాపింగ్ పనిమంతుడు, ఆయన్ని తక్కువ చెయ్యను. కానీ నేల కొలిచిన మెకంజీ దొర దగ్గర పనిచేసిన మన ఏలూరు కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళ పేర్లు ఇవాళ్టికీ పుస్తకాల్లో ఉన్నాయి. సముద్రం కొలిచేటప్పుడు పడవ తోసినవాడి పేరు, గుండు తాడు పట్టినవాడి పేరు, ఇక్కడ రాయుంది బాబూ అని చెప్పినవాడి పేరు చార్టు మీద లేవు. ఆ అంకె పక్కన వాళ్ళ పేర్లు కూడా ఉండాల్సింది.

కోరంగి మాట చెప్పి ముగిస్తాను, మీకు ఆవలింతలు వస్తున్నాయి. గోదావరి పాయ ఒడ్డున పెద్ద రేవు అది. ఓడలు కట్టేవారు, బాగు చేసేవారు. మారిషస్ చెరకు తోటలకి మన వాళ్ళని అక్కడి నుంచే ఎక్కించారు. అక్కడ వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఉగాది చేసుకుంటారు. బర్మాలో అయితే తెలుగువాడెవడైనా సరే కోరంగి వాడే అనేవారు. 1789 డిసెంబరులో తుఫాను వచ్చింది. మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి లేచాయట. మొదటిది ఓడల్ని పొలాల మీదకి విసిరింది, మూడోది ఊరిని ముంచేసింది. ఇరవై వేలమంది పోయారని రాశారు. 1839 నవంబరులో మళ్ళీ అంతటి తుఫాను. ఆ తర్వాత కోరంగి మరి లేవలేదు.

కలకత్తాలో పిడింగ్టన్ అనే ఆయన ఇలాంటి తుఫాన్ల లెక్కలన్నీ పోగేసి 1848లో నావికుల కోసం పుస్తకం అచ్చు వేశాడు. సైక్లోన్ అనే పేరు పెట్టింది ఆయనే. ఆ పుస్తకంతో పాటు పశువు కొమ్ముని పల్చగా చెక్కిన రేకులిచ్చేవాడు, అవతలిది కనబడేటంత పల్చన. వాటి మీద గాలి సుడి తిరిగే దిక్కులు బాణాలుగా గీసి ఉంటాయి. చార్టు మీద నీ ఓడ ఉన్నచోట ఆ రేకు పెట్టి, నీకు తగులుతున్న గాలి దిక్కుకి సరిపోయేలా తిప్పుకుంటే తుఫాను నడిబొడ్డు ఎటుందో తెలుస్తుంది, దూరంగా పారిపోవచ్చు. కోరంగిలో పోయినవాళ్ళ లెక్క కూడా ఆ రేకు వెనక ఉంది. తర్వాత ఎంతమంది కళాసీలు దాని వల్ల ఇల్లు చేరారో.

కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ ఉంది, పొడుగాటి ఇసక దిబ్బ. ఈ రెండు వందల ఏళ్ళలో గోదావరి తెచ్చిన ఇసకతో పెరిగినదే. పాత చార్టులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ఆ దిబ్బ ఒక్కో చార్టుకీ కొంత కొంత సాగుతుంది, కోరంగి పాయలో బారల అంకెలు తగ్గుతూ వస్తాయి. తుఫాను తర్వాత ఆ రేవు మళ్ళీ ఎందుకు లేవలేదో ఆ తగ్గే అంకెలు కూడా చెబుతాయి. దిబ్బ అడ్డం ఉండబట్టి కాకినాడ రేవుకి నీడ దొరికింది. ఒక ఊరి రేవు మూసింది కూడా, ఇంకో ఊరికి రేవు ఇచ్చింది కూడా గోదావరే.

ఇప్పుడు మన దగ్గరికి రండి. విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇదిగో, చార్టులో ముక్కులా పొడుచుకొచ్చింది. ఓడలకి అది పెద్ద గుర్తు. ఉత్తరాన కోనాడ దగ్గర నీళ్ళలో దాగిన రాళ్ళున్నాయి, శాంతపిల్లి రాక్స్ అని రాశారు. మన చింతపల్లి అది. వాటి కోసమే అక్కడ దీపస్తంభం కట్టారు. ఇవి అందరికీ తెలిసిన గుర్తులు. జాలరోళ్ళ గుర్తులు ఇంతకంటే చిక్కన. చేపలుండే రాతి తావు నీళ్ళ కింద ఎక్కడో ఉంటుంది. దాని మీదకి సరిగ్గా రావాలంటే ఒడ్డున రెండు జతల గుర్తులు కావాలి. దగ్గరున్న తాటిచెట్టు, వెనకున్న కొండ శిఖరం ఒకే వరసలోకి రావాలి. ఇంకో పక్క గుడి, దాని వెనక కొండ గండి వరసలోకి రావాలి. రెండు వరసలూ కలిసిన చోట రాయి వదిలితే ఎన్ని బారలో ముందే చెప్పేస్తారు. ఇవాళ సర్వే ఆఫీసర్లు చేసేదీ ఇదే లెక్క, పనిముట్లే మారాయి.

ఆకాశం తేటగా ఉన్న పొద్దుట పూట ఒడ్డు కొండల వెనక నీలంగా తూర్పు కనుమల వరస పైకి లేస్తుంది. నేను డెక్కు మీంచి చూశాను. అందులో మన కొండ ఏదో పోల్చుకోవాలని ఎంత ఆరాటపడేవాడినో! జాలరోళ్ళకి ఆ అవస్థ లేదు, ఒక్కో శిఖరానికి వాళ్ళ దగ్గర ఒక్కో పేరుంది.

పూడిమడకలో నాకు తెలిసిన పెద్దాయన ఒకాయన ఉన్నారు, నాకంటే పెద్దవాడు. నడుం వంగిపోయింది గానీ గుర్తులన్నీ నోటికి వచ్చు. వాళ్ళ కుర్రాళ్ళు జీపీఎస్ పెట్టుకుని వెళ్తున్నారు, అది మంచిదే, ప్రాణానికి భద్రం. కానీ ఆ గుర్తులు ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. భోగి వెళ్ళాక ఒకరోజు బయల్దేరదాం. అమ్మడూ, నువ్వు గీతలు బాగా గీస్తావు, తెల్ల కాగితాల పుస్తకం ఒకటి తెచ్చుకో. చిన్నోడా, నువ్వు సెల్లులో ఆయన మాట రికార్డు చెయ్యి. ఏ చెట్టు, ఏ కొండ, ఎన్ని బారలు, అడుగున ఇసకా బురదా, ఏ నెలలో ఏ చేప, అన్నీ ఆయన చెప్పినట్టే రాయాలి. పేరు రాయడానికి ఆయన ఒప్పుకుంటే, పైన మొదటి గీతలోనే ఆయన పేరు రాయండి. ఆ తర్వాతే మనవి.

ఊఁ, ఇక లేవండి. చార్టు నేను చుడతాను, మీరు మడత పెట్టేస్తారు.